స్టేటస్ కో ఎవరి పక్షం? సివిల్ కోర్టు, కులం, భూమి

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని మన దగ్గర ఒక సామెత ఉంది. వకీలు ఫీజులు, వాయిదాలు, అప్పీళ్ళు కలిసి మనిషిని ఎట్లా గుల్ల చేస్తాయో ఇంత చిన్న మాటలో చెప్పడం కష్టం. కానీ ఈ సామెతలో ఏడ్చే ఇద్దరూ ఎవరు? ఇద్దరికీ ఆస్తి ఉంది. ఇద్దరికీ వకీలు ఉన్నాడు. ఇద్దరి పేర్లూ ఏదో ఒక కాయితంలో ఉన్నాయి. అంటే ఇది ఉన్నవాళ్ళిద్దరి తగాదాలో పుట్టిన సామెత. కోర్టు మెట్లెక్కే వేళకే భూమి చేయిజారిపోయి, రికార్డు ఇంకొకరి చేతిలో ఉండి, ప్రతివాదులుగా నిలబడ్డ మాల మాదిగల అనుభవం ఇందులో లేదు. ఆ అనుభవానికి ఇంకా సామెత పుట్టలేదు. చరిత్రా రాయలేదు.

ఉస్మానియా హాస్టళ్ళలో చదివే మనలాంటి మొదటి తరం వాళ్ళకు చదువుతో పాటు ఇంకో పని కూడా ఉంటుంది. ఊళ్ళో ఎవరికి కోర్టు కాయితం వచ్చినా అది మన దగ్గరికే వస్తుంది. ఒకప్పుడు బస్సులో ఎవరితోనో పంపేవాళ్ళు, ఇప్పుడు ఫోనుకు ఫోటోలు పంపుతున్నారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాయితం చదివి తెలుగులో చెప్పాలి. తార్నాకలో జిరాక్సులు తీయించి, తెలిసిన వకీలు ఎవరైనా ఉంటే చూపించాలి. మొన్నీమధ్య ఒక పి.జి. తమ్ముడు అట్లాంటి కట్ట పట్టుకొని వచ్చాడు. తాతకు సర్కారు ఇచ్చిన రెండెకరాల లావణి పట్టా. సాగు చేస్తున్నది ఇంకొకరు. ఆ ఇంకొకరే దావా వేసి, వీళ్ళు పొలంలో అడుగు పెట్టకుండా ఆర్డరు తెచ్చుకున్నాడు. ఆర్డరులో ముఖ్యమైన మాట ఒకటే: స్టేటస్ కో. ఆ తమ్ముడు అడిగాడు: "అన్నా, యథాతథ స్థితి అని డిక్షనరీల ఉంది. మరి యథాతథం అంటే మాకు మంచిదా, వాళ్ళకు మంచిదా?"

ఈ ప్రశ్న లా కాలేజీలో ఎవరూ అడగరు. స్టేటస్ కో అంటే కోర్టు ఎవరి పక్షమూ వహించకుండా ఉండటమని అక్కడ చెబుతారు. ఆ తటస్థత నిజమేనా అని చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

జడ్జి కులమా, కోర్టు పద్ధతా?

న్యాయవ్యవస్థలో పక్షపాతం అనగానే మనం ముందు జడ్జీల కులం లెక్కపెడతాం. ఆ లెక్క పెట్టాల్సిందే. సుప్రీంకోర్టు 1950లో మొదలైతే అందులో మొదటి దళిత జడ్జి ఎ. వరదరాజన్ అడుగుపెట్టింది 1980లో. 2010లో కె.జి. బాలకృష్ణన్ రిటైరైన తర్వాత 2019లో బి.ఆర్. గవాయ్ వచ్చేదాకా ఆ కోర్టులో ఒక్క దళిత జడ్జీ లేడు. 2018 నుంచి హైకోర్టులకు నియమించిన 715 మంది జడ్జీల్లో షెడ్యూల్డు కులాల వాళ్ళు 22 మంది, షెడ్యూల్డు తెగల వాళ్ళు 16 మంది అని కేంద్ర ప్రభుత్వమే 2025 మార్చిలో పార్లమెంటుకు చెప్పింది. అంటే వందకు ముగ్గురు దళితులు. ఈ అంకెలు చూసి కూడా న్యాయదేవత కళ్ళకు గంతలున్నాయని నమ్మేవాళ్ళకు దండం పెట్టాలి.

అయితే ఇక్కడితో ఆగితే సమస్య సగమే అర్థమవుతుంది. రేపు జడ్జీలందరూ మంచివాళ్ళే వచ్చారనుకుందాం. సివిల్ కోర్టు పద్ధతి ఇట్లాగే ఉంటే ఆ మంచి జడ్జి ఏం చేస్తాడు? ఆయన ముందు మూడు ప్రశ్నలుంటాయి. దావా వేసిన రోజున కబ్జాలో ఎవరున్నారు? కాయితం ఎవరి పేర ఉంది? ఎన్నేళ్ళ నుంచి ఉంది? ఈ మూడు ప్రశ్నల్లో కులం ఊసే లేదు. కానీ ఊళ్ళో ఈ మూడింటికీ జవాబు నిర్ణయించింది కులమే. కోర్టు తలుపు తెరవకముందే జరిగిపోయిన అన్యాయాన్ని 'ప్రస్తుత స్థితి' పేరుతో కాపాడటం ఈ పద్ధతిలోనే ఉంది. దీనికి జడ్జి మనసులో ద్వేషం ఉండనక్కర లేదు.

ఇది మన ఆరోపణ మాత్రమే కాదు. చట్టాల పుస్తకమే ఇందుకు సాక్ష్యం చెబుతుంది. దళితులకు, ఆదివాసులకు మేలు చేయాలనుకున్న ప్రతిసారీ శాసనసభలు ముందు చేసిన పని సివిల్ కోర్టును పక్కకు జరపడం. ఎందుకు జరపాల్సి వచ్చింది? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

రానివ్వకపోవడం కూడా ఆస్తి హక్కే

బ్రిటిష్ వాళ్ళు వచ్చాక కోర్టులు కులానికి అతీతంగా నడిచాయని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజానికి ఆ కోర్టులు చేసిన పని వేరు. ఊళ్ళో పెద్దమనుషుల మాటగా, కర్ర బలంగా ఉన్న ఆచారాన్ని తీసుకొచ్చి కోర్టు డిక్రీగా మార్చాయి. 1883లో బొంబాయి హైకోర్టు ఒక గుడి తగాదాలో కొత్త సూత్రం చెప్పింది. తగాదా రెండు బ్రాహ్మణ శాఖల మధ్యనే. గర్భగుడిలోకి మేమే పోవాలి, వాళ్ళు రాకూడదు అనే హక్కు సివిల్ కోర్టు కాపాడదగిన హక్కేనని కోర్టు తేల్చింది. ఎదుటివాణ్ణి రానివ్వకపోవడం కూడా ఒక ఆస్తి లాంటిదైంది.

ఈ సూత్రం కింది కులాల మీదికి ఎట్లా వచ్చి పడుతుందో కముది కేసు చూపించింది. రామనాథపురం జమీందారీలోని కముది గుడిలోకి 1897లో నాడార్లు ప్రవేశించారు. గుడికి ధర్మకర్తగా ఉన్న రాజా వాళ్ళ మీద సివిల్ దావా వేశాడు. కింది కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి అది లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1908లో ప్రీవీ కౌన్సిల్ నాడార్లకు ప్రవేశించే హక్కు లేదని తీర్పు చెప్పింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు హైకోర్టు కిందనే ఉన్నాయి కాబట్టి ఈ తీర్పు మన తెలుగువాళ్ళ మీద కూడా చట్టమే.

ఈ కేసులో గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మనుషులమని, భక్తులమని నాడార్లు వాదించినా ఆ వాదనకు కోర్టులో చోటు లేదు. అందుకే తాము క్షత్రియులమని వాదించారు. హక్కు కావాలంటే వర్ణం నిచ్చెన మీద తన మెట్టు ఎక్కడుందో నిరూపించుకోవాలి. నిచ్చెన తప్పు అనే వాదనను వినే చెవి ఆ కోర్టుకు లేదు.

మహద్: ప్రతివాది అంబేద్కర్

మనందరికీ తెలిసిన మహద్ పోరాటాన్ని సాధారణంగా సత్యాగ్రహంగా చదువుతాం. దాన్ని ఒక సివిల్ దావాగా కూడా చదవాలి.

బొంబాయి శాసనమండలి 1923లో ప్రజా జలాశయాలను అందరికీ తెరవాలని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. కాయితం మీద హక్కు వచ్చింది. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది ఆ చెరువు దగ్గరికి నడిచి నీళ్ళు తాగారు. సవర్ణులు మొదట కర్రలతో జవాబు చెప్పారు. తర్వాత శుద్ధి చేశారు. డిసెంబరులో రెండో సమావేశానికి అందరూ సిద్ధమవుతుంటే ఈసారి సవర్ణులు కర్రలు పట్టుకోలేదు. సివిల్ కోర్టుకు వెళ్ళారు. చెరువు తమదని, అనాది నుంచి అంటరానివాళ్ళు తాకని ఆచారం ఉందని దావా వేశారు. 1927 డిసెంబరు 14న కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చింది. అంబేద్కర్, ఆయన అనుచరులు చెరువు జోలికి పోకూడదు.

డిసెంబరు 25న వేలమంది మహద్‌లో ఉన్నారు. చెరువు కళ్ళ ముందే ఉంది. మునిసిపాలిటీ తీర్మానం వాళ్ళ వైపు ఉంది. అయినా వాళ్ళు నీళ్ళు తాగలేదు. కోర్టు ఉత్తర్వును ధిక్కరించకూడదని నిర్ణయించారు. ఆ రోజు మనుస్మృతి తగలబడింది గానీ చెరువు మాత్రం సవర్ణుల అదుపులోనే ఉండిపోయింది. మార్చిలో కర్రలు ఆపలేకపోయిన జనాన్ని డిసెంబరులో ఒక కాయితం ఆపింది.

ఆ మొదటి ఇంజంక్షన్‌ను 1928లో ఎత్తేశారు. 1931లో కింది కోర్టులో దావా ఓడిపోయింది. వాదులు అప్పీలు చేశారు, మళ్ళీ అప్పీలు చేశారు. చివరికి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షాన తీర్పు ఇచ్చింది. అనాది ఆచారం ఉందని వాదులు నిరూపించలేకపోయారు అన్నది ఆ తీర్పు సారం.

ఈ గెలుపును తక్కువ చేయనక్కర లేదు. నిరూపించే భారం ఆచారం ఉందన్నవాడిదే అని హైకోర్టు చెప్పడం పెద్ద విషయం. కానీ రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, తొమ్మిదేళ్ళ పైన నడిచిన దావాలో అసలు పని ఏ తీర్పు చేసింది? చివరి తీర్పా, మొదటి వారం ఇచ్చిన ఇంజంక్షనా? రెండు, వాదులు ఆ ఆచారాన్ని గట్టిగా నిరూపించి ఉంటే? అప్పుడు ఓడిపోయేది అంబేద్కరే గదా. అంటరానితనం తప్పు అని ఆ తీర్పు చెప్పలేదు. ఈ చెరువు దగ్గర అది చాలినంత పాతదని రుజువు కాలేదని మాత్రమే చెప్పింది.

అదే అంబేద్కర్‌కు 1953 జనవరి 12న మన ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన ఇరవయ్యేళ్ళు వకీలుగా కోర్టు ముందు నిలబడ్డ మనిషి మాత్రమే కాదు, తొమ్మిదేళ్ళు ప్రతివాదిగా కూడా నిలబడ్డాడని దానితో పాటు గుర్తుపెట్టుకోవాలి.

చట్టమే చెప్పిన సాక్ష్యం

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని అమలు చేయడానికి 1955లో అంటరానితనం (నేరాల) చట్టం వచ్చింది. 1976లో దీని పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. ఈ చట్టంలో శిక్షల గురించి అందరూ మాట్లాడతారు. 13వ సెక్షన్ గురించి ఎవరూ మాట్లాడరు. అది శిక్షలకు సంబంధించింది కాదు, సివిల్ కోర్టుకు సంబంధించింది. ఈ చట్టానికి విరుద్ధమైన దావాను ఏ సివిల్ కోర్టూ తీసుకోకూడదు, తీసుకున్నది నడపకూడదు, డిక్రీ ఇవ్వకూడదు, ఇచ్చిన డిక్రీని అమలు చేయకూడదు. అంటరానితనం పేరుతో ఎవరి మీదైనా ఆంక్ష పెట్టే ఆచారాన్ని ఏ కోర్టూ గుర్తించకూడదు.

ఈ సెక్షన్‌ను నిదానంగా చదవాలి. దొంగతనం చేయొద్దని చట్టం ఎవరికి చెబుతుంది? చేసేవాళ్ళకు. అంటరానితనాన్ని అమలు చేసే డిక్రీలు ఇవ్వొద్దని సివిల్ కోర్టుకు చెప్పాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా కోర్టులు ఆ పని చేస్తున్నాయని పార్లమెంటు ఒప్పుకున్నట్టే. కముది తీర్పుకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం ఇంకో అడుగు వేసింది. దళితుల మీద, ఆదివాసుల మీద అబద్ధపు, దురుద్దేశపు దావా వేయడాన్నే అత్యాచారాల జాబితాలో చేర్చింది. అప్పుడది 3(1)(8) క్లాజు. 2015 సవరణ తర్వాత క్లాజు అక్షరం మారింది గానీ విషయం మారలేదు. మలం తినిపించడం, బట్టలూడదీసి ఊరేగించడం, భూమి లాక్కోవడం ఉన్న వరుసలోనే దావా వేయడం కూడా ఉంది. కోర్టు కాయితం కూడా ఊళ్ళో కర్ర లాగే పనిచేస్తుందని చట్టం రాసినవాళ్ళకు తెలుసు.

అయినా పోలీసు స్టేషనుకు వెళితే మనకు వినిపించే మొదటి మాట ఏమిటి? "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పొండి." ఈ మాటకు 2020 నవంబరులో సుప్రీంకోర్టు నుంచే బలం వచ్చింది. ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో, భూమి కబ్జా తగాదా సివిల్ కోర్టులో నడుస్తుంటే, బాధితులు షెడ్యూల్డు కులం వాళ్ళైనంత మాత్రాన అది అత్యాచారాల చట్టం కిందికి రాదని, కులం కారణంగానే అవమానించారని కనిపించాలని ఆ కోర్టు చెప్పింది. పల్లెలో భూమి ఒకవైపు, కులం ఇంకోవైపు విడివిడిగా ఉన్నట్టు! తగాదా 'సివిల్' అయిన మరుక్షణం అందులో నుంచి కులం మాయమైపోతుంది. ఈ మాయ చేయడమే సివిల్ అనే మాట చేసే పని.

పహాణీ రాసిందెవరు?

ఇప్పుడు మన భూమి దగ్గరికి వద్దాం. తెలంగాణలో భూమి మీద హక్కు మొదట చూసేది పహాణీలో. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి ఏటేటా పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అని కాలమ్‌లు నింపింది పట్వారీ. ఆ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా ఊరి భూముల చరిత్ర ఆ ఇంట్లోనే ఉండేది. దున్నిన మాదిగ పేరు అనుభవదారు కాలమ్‌లో ఎక్కాలా వద్దా అన్నది ఆయన కలం మీద ఆధారపడి ఉండేది. దున్నినవాడికి చదువు రాదు. చదువు వచ్చినవాడు దున్నలేదు.

1971 రికార్డ్ ఆఫ్ రైట్స్ చట్టం ఏం చెప్పింది? రికార్డులో ఉన్న ప్రతి ఎంట్రీ, కాదని రుజువయ్యేదాకా, నిజమేనని భావించాలి. చట్టం మాటల్లో తప్పేమీ కనిపించదు. కానీ ఆ ఎంట్రీ ఎవరు రాశారో, ఎవరి పేరు రాయలేదో తెలిసినవాళ్ళకు దీని బరువు తెలుస్తుంది. నిరూపించే భారమంతా పేరు ఎక్కనివాడి నెత్తిన పడింది.

ఇదే రాష్ట్రంలో సరిగ్గా ఒక్క ఏడాది ముందు దీనికి తలకిందులుగా ఉండే సూత్రం కూడా చట్టమైంది. 1959 షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ రెగ్యులేషన్‌ను సవరిస్తూ వచ్చిన 1970 ఒకటో రెగ్యులేషన్, అంటే మనం 1/70 అనేది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని అతను రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలని అది చెప్పింది. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. అంటే చరిత్రలో జరిగిన అన్యాయాన్ని లెక్కలోకి తీసుకొని నిరూపణ భారాన్ని తిప్పిపెట్టడం చట్టానికి చేతకాని పని కాదు. ఏజెన్సీలో చేసింది. మైదానంలో మాల మాదిగల అసైన్డ్ భూమికి కూడా 1977 చట్టంలో ఇట్లాంటి సూత్రమే రాసింది.

ఇంజంక్షన్ కుదరదన్న చట్టం

అసైన్డ్ భూములకు 1977లో 9వ చట్టం వచ్చింది. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన భూమిని అమ్మినా, కొన్నా, కుదువపెట్టినా ఆ బదిలీ చెల్లదు. అధికారులు ఆ భూమిని తిరిగి తీసుకొని మొదటి పట్టాదారుకు ఇవ్వాలి. ఆ ఉత్తర్వులను ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని, ఈ చట్టం కింద అధికారులు తీసుకునే చర్యల మీద ఏ కోర్టూ ఇంజంక్షన్ ఇవ్వకూడదని కూడా చట్టంలోనే రాశారు. మహద్ జరిగిన యాభై ఏళ్ళకు ఇంజంక్షన్ అనే మాట పేరుపెట్టి మరీ శాసనంలోకి ఎక్కింది.

మరి ఆ తమ్ముడి కేసులో ఆర్డరు ఎట్లా వచ్చింది? సివిల్ దావా రాయడంలో ఉన్న నేర్పు అది. దావాలో అసైన్డ్ అనే మాటే ఉండదు. అధికారి మీద కేసు ఉండదు. "ఫలానా సర్వే నంబరులో నేను కబ్జాలో ఉన్నాను, వీళ్ళు వచ్చి గొడవ చేస్తున్నారు" అని మాత్రమే ఉంటుంది. ఉట్టి ఇంజంక్షన్ దావాలో కోర్టు ముఖ్యంగా కబ్జానే చూస్తుంది. టైటిల్ మీద నిజమైన వివాదం ఉంటే ఉట్టి ఇంజంక్షన్ చాలదు, హక్కు ప్రకటన కోరాలని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. కానీ ఆ వివాదం ఉందని కోర్టు ముందు పెట్టాల్సింది ఎవరు? ప్రతివాది. వకీలు దొరికి, అసైన్‌మెంటు ఫైలు నకలు దొరికి, కౌంటరు వేసేసరికి రెండు పంటలు ఎదుటివాడి ఇంట్లో పడతాయి.

ఫైలు దొరికినా ఇంకో చిక్కు. తెలంగాణలో 1958 జులై నాటి 1406 జి.ఓ. తర్వాత ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదనే షరతు ఉంటుంది. కాబట్టి ఎదుటి వకీలు ముందుగా పట్టుకునేది పట్టా తేదీని. అది 1958కి ముందుదని చూపించగలిగితే కథ మారిపోతుంది. తాత బతికి ఉంటే ఏ సంవత్సరమో చెప్పేవాడు. కానీ తాత మాట మౌఖిక సాక్ష్యం. కాయితం ముందు నోటి మాట నిలవదు.

కాలానికి రెండు ముఖాలు

సివిల్ కోర్టులో కాలం అందరికీ ఒకటేనని అంటారు. కాదు. ప్రైవేటు భూమిని పన్నెండేళ్ళు, సర్కారు భూమిని ముప్పయ్యేళ్ళు బాహాటంగా అనుభవిస్తే లిమిటేషన్ చట్టం కింద అసలు హక్కుదారు హక్కు పోతుంది. ఆక్రమించినవాడికి కాలం పెట్టుబడి. ఎంత ఆలస్యమైతే అంత లాభం. 1984లో కర్ణాటక అసైన్డ్ భూముల చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థిస్తూనే, చట్టం రాకముందే అట్లా కాలం నింపుకున్నవాళ్ళను మినహాయించింది.

అదే పేదవాడు ఆలస్యంగా వస్తే? అదే కర్ణాటక చట్టం కింద భూమి తిరిగి ఇమ్మని పాతికేళ్ళ తర్వాత అడిగిన కేసులో, చట్టంలో గడువేమీ లేకపోయినా, అంత ఆలస్యం సహేతుకం కాదని సుప్రీంకోర్టు 2017లో అన్నది. ఎక్కువ కాలం అనుభవించినవాడికి హక్కు పుడుతుంది. ఎక్కువ కాలం పోగొట్టుకున్నవాడికి హక్కు చచ్చిపోతుంది. ఒకే కాలం గదా ఇద్దరిదీ!

ఎందుకు ఆలస్యమైంది అని కోర్టు అడగదు. బలవంతంగా కబ్జా నుంచి వెళ్ళగొడితే ఆరు నెలల్లోపు దావా వేసి, టైటిల్‌తో పని లేకుండా తిరిగి పొందొచ్చని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. ఎంత మంచి సెక్షన్! 1985లో కారంచేడు మాదిగలు ఊరొదిలి చీరాల శిబిరంలో ఉన్నారు. 1991లో చుండూరు మాలలు తెనాలి శిబిరంలో ఉన్నారు. శవాలు లెక్కపెట్టుకుంటున్న మనుషులకు ఆరు నెలల గడువు గుర్తుంటుందా?

రెండువైపులా చూడాలి

ఇంత చెప్పాక, సివిల్ కోర్టును పూర్తిగా తీసేస్తే సరిపోతుందా అన్న ప్రశ్న వస్తుంది. సరిపోదు. కోర్టును పక్కకు జరిపిన ప్రతిచోటా అధికారం తహశీల్దారు చేతికి పోయింది. ఆ కుర్చీ కూడా ఊరి బయట లేదు. తహశీల్దారు మన పక్షాన ఆర్డరు ఇచ్చినా ఎదుటివాడు రిట్ వేసి హైకోర్టు నుంచి స్టే తెచ్చుకోవచ్చు. 226వ అధికరణం కింద ఉన్న ఆ దారిని ఏ మామూలు చట్టమూ మూయలేదు. ముందు తలుపు మూస్తే ఇంజంక్షన్ వెనక తలుపు నుంచి స్టే పేరుతో వస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన రాష్ట్రంలోనే ఉంది. తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. ధరణిలో పేరు తప్పుపడితే సివిల్ కోర్టుకు పోవాల్సిన పరిస్థితి వచ్చింది. రెండెకరాలవాడికి కోర్టు ఫీజు, వకీలు, పట్నం ప్రయాణాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? షెడ్యూల్డు కులాల వాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతున్నది గానీ ఆ సంగతి ఎన్ని గూడేలకు తెలుసు? 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆర్.డి.ఓ., కలెక్టరు దగ్గర అప్పీళ్ళను మళ్ళీ తెచ్చింది. అంటే మన భూమి ఇటు కోర్టుకు, అటు కచేరీకి మధ్య బంతిలాగా తిరుగుతున్నది.

జడ్జి ఎవరన్నది కూడా తేడా తెస్తుంది, ఒప్పుకోవాలి. తెలుగు నేల నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన దళిత జడ్జి కె. రామస్వామి 1995లో కర్ణాటక అసైన్డ్ భూమి కేసులో, కొన్నవాడి ప్రతికూల కబ్జా వాదనను తోసిపుచ్చాడు. పేదలకు భూమి ఇవ్వడం దయ కాదని, ఆర్థిక న్యాయంలో భాగమని చూశాడు. రిటైరయ్యే ముందు రోజు, 1997 జులై 11న, షెడ్యూల్డు ప్రాంతాల్లో గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదన్న సమతా తీర్పు రాశాడు. ఆ తీర్పు కూడా ఇద్దరికి ఒకరుగానే నెగ్గింది. చట్టం అదే, పుస్తకం అదే. చదివిన కళ్ళు వేరు.

కాబట్టి మన డిమాండు రెండు కాళ్ళ మీద నిలబడాలి. హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో మనవాళ్ళు కూర్చోవాలి. దానితో పాటు పద్ధతి మారాలి. దళితుల మీద భూమి ఇంజంక్షన్ దావా వస్తే ఆ సర్వే నంబరు అసైన్‌మెంటు రికార్డు తెప్పించి చూడకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వకూడదు. అసైన్డ్ భూమి ఇంకొకరి చేతిలో కనిపిస్తే, 1/70లో లాగా, అది న్యాయంగా వచ్చిందని రుజువు చేసుకునే భారం సివిల్ దావాలో కూడా వాడి మీదే ఉండాలి. ఇవి విప్లవాలు కావు. చట్టంలో ఒకచోట ఇప్పటికే ఉన్న సూత్రాన్ని ఇంకోచోటికి తీసుకురావడమే.

ఆ తమ్ముడి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు చిన్నది. స్టేటస్ కో ఎవరికి మంచిదో ఆ మాటలో లేదు, తేదీలో ఉంది. దావా వేసిన రోజు నుంచి లెక్కపెడితే అది వాళ్ళది. మీ తాతకు పట్టా ఇచ్చిన రోజు నుంచి లెక్కపెడితే అది మీది. ఆ పాత తేదీని కోర్టు ముందు పెట్టడానికి సమాచార హక్కు కింద అసైన్‌మెంటు ఫైలు నకలు అడుగు, పాత పహాణీలు తీయించు, న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టు అని చెప్పాను. మరుసటి వాయిదాకు ముందే ఆ పని మీద ఊరికి పోయాడు.

అతను వెళ్ళాక మిగిలింది మన పని. కారంచేడు, చుండూరు చరిత్రలు మనం రాసుకున్నాం. కర్రలతో, కత్తులతో జరిగింది కాబట్టి అవి కళ్ళకు కనిపించాయి. కాయితంతో జరిగింది కనిపించదు. ఈ క్యాంపస్‌లో చదివే ప్రతి దళిత విద్యార్థి తన ఊరి దావా ఒక్కటి తీసుకొని, ఎవరు వేశారు, ఏ తేదీన ఏ ఆర్డరు వచ్చింది, ఎన్ని వాయిదాలు పడ్డాయి, ఈలోగా పంట ఎవరు తిన్నారు అని రాసిపెడితే చాలు. అట్లాంటివి వంద పోగైతే, సివిల్ కోర్టు తటస్థమా కాదా అని మనం వాదించనక్కర లేదు.